లినక్స్ డెస్క్‌టాప్‌లో మీ పనికి నప్పే టెర్మినల్‌ను ఎంచుకోవడం ఎలా

కొత్త టెర్మినల్‌ను ఇన్‌స్టాల్ చేయడం రెండు నిమిషాల పని. అది మనకు నప్పుతుందో లేదో తెలియాలంటే మాత్రం దానితో కనీసం ఒక వారం పనిచేయాలి. రంగులు బాగున్నాయనో, వేగం పట్టికలో పైన ఉందనో చాలామంది టెర్మినల్ మార్చేస్తారు. నెల తిరిగేసరికి మళ్లీ ఇంకొకటి వెతుక్కుంటారు. నేను పాటించే పద్ధతి వేరు. ముందు మన పనిలో ఇబ్బంది ఎక్కడుందో పట్టుకోవాలి, ఆ తరువాతే దాన్ని తీర్చే టెర్మినల్ కోసం చూడాలి. ఇబ్బందేమీ లేదని తేలితే డెస్క్‌టాప్‌తో పాటు వచ్చినదాన్నే నిశ్చింతగా వాడుకోవచ్చు.

మొదటి పని: తప్పు ఎవరిదో తేల్చుకోండి

మనం టెర్మినల్ అని ఒకే పేరుతో పిలిచే ఆ విండోలో కనీసం రెండు ప్రోగ్రాములు పనిచేస్తుంటాయి. మీరు టైపు చేసిన కమాండ్‌ను అర్థం చేసుకుని నడిపేది షెల్. బ్యాష్, జెడ్‌షెల్, ఫిష్ ఈ కోవలోవి. మీరు నొక్కిన కీలను షెల్‌కు అందించి, అది పంపిన అక్షరాలను తెర మీద గీసేది టెర్మినల్ ఎమ్యులేటర్. ఒకే విండోలో అనేక షెల్‌లను నడిపే టీమక్స్ వాడేవారికి ఈ రెండింటి మధ్య మూడోది కూడా ఉంటుంది.

ఎమ్యులేటర్ అంటే అనుకరించేది. అది అనుకరిస్తున్నది ఒకప్పటి నిజమైన యంత్రాన్ని. డెక్ సంస్థ 1978లో వీటీ 100 అనే టెర్మినల్‌ను విడుదల చేసింది. తెర, కీబోర్డు ఉన్నా అది మన ప్రోగ్రాములు నడిపే కంప్యూటర్ కాదు. తెరపై 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. ఈనాటికీ చాలా టెర్మినళ్లు మొదటిసారి తెరిస్తే సరిగ్గా ఆ కొలతతోనే తెరుచుకుంటాయి. కర్సర్‌ను కదిలించడానికి, తెర తుడవడానికి ఆ యంత్రం వాడిన ఎస్కేప్ సంకేతాల పద్ధతే ఇంకా నడుస్తోంది. రంగులు తరువాత దానికే చేరాయి. ఎస్కేప్ అక్షరం, దాని వెంట చదరపు బ్రాకెట్, 31 అంకె, చిన్నబడి ఎమ్ వస్తే ఆ తరువాతి అక్షరాలు ఎర్రగా కనిపిస్తాయి. ఏ టెర్మినల్ తీసుకున్నా లోపల జరిగేది ఇదే. వరుసలు, నిలువు వరుసలుగా గీసిన గడుల పలక, అందులో గడికొక అక్షరం. ఈ గడుల సంగతి గుర్తుంచుకోండి, తెలుగు దగ్గరికి వచ్చినప్పుడు దీనితో పని పడుతుంది.

ఈ విభజన తెలిస్తే సగం అసంతృప్తులు టెర్మినల్ మార్చకుండానే తీరతాయి. విండో తెరిచాక కమాండ్ కోసం ఎదురుచూసే ప్రాంప్ట్ రావడానికి రెండు సెకన్లు పడితే, ఎక్కువసార్లు కారణం షెల్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైలులో పేరుకుపోయిన వరుసలే. ట్యాబ్ కీ నొక్కితే ఫైలు పేరు పూర్తి కాకపోవడం కూడా షెల్ సంగతే. అక్షరాలు మసకగా ఉండటం, పైకి వెళ్లిన వరుసలు దొరక్కపోవడం, కాపీ చేసినది వేరే చోట తప్పుగా అతుక్కోవడం, పెద్ద ఫైలు కదిలిస్తే తెర తడబడటం టెర్మినల్ లక్షణాలు. అనుమానం ఉంటే అదే పనిని ఎక్స్‌టర్మ్‌లో చేసి చూడండి. 1984లో పుట్టి ఇంకా మెరుగులు దిద్దుకుంటున్న ఆ పాత టెర్మినల్ చాలా లినక్స్ పంపిణీల్లో ఒక్క కమాండ్‌తో దొరుకుతుంది. అక్కడా అదే ఇబ్బంది వస్తే మీ టెర్మినల్‌ను తప్పుపట్టకండి.

రెండో పని: మూడు రోజులు రాసుకోండి

పక్కన ఒక కాగితం పెట్టుకోండి. టెర్మినల్‌లో పనిచేస్తూ విసుగు కలిగిన ప్రతిసారీ ఒక వరుస రాయండి. "బాగా లేదు" అని కాకుండా, ఏం చేస్తుంటే ఏం జరిగిందో రాయండి. మూడు రోజులయ్యాక ఆ కాగితం చూస్తే మీకు కావలసింది ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది.

నా కాగితంలో ఒకసారి పదే పదే కనిపించిన వరుస ఇది: "కంపైల్ చేశాను, మొదటి తప్పు పైకి పోయింది, దొరకలేదు." పెద్ద ప్రోగ్రామ్‌ను కంపైల్ చేస్తే వేల వరుసలు వస్తాయి. అసలు తప్పు మొదట్లో ఉంటుంది, కింద కనిపించేవన్నీ దాని వెంట వచ్చినవే. పైకి చుట్టుకుంటూ వెళితే ఒక చోట ఆగిపోయింది. అంతకు ముందువి టెర్మినల్ దాచలేదు. వెంటనే కొత్త టెర్మినల్ వెతకబోయాను గానీ, దాని సెట్టింగుల్లో ఒక్క అంకె మార్చితే సరిపోయింది. వెనక్కి చూడటానికి దాచే వరుసల సంఖ్య ఒక్కో టెర్మినల్‌లో ఒక్కో తీరుగా ఉంటుంది. మనం మార్చకపోతే ఫుట్ 1000, ఎక్స్‌టర్మ్ 1024, కిట్టీ 2000 వరుసలు దాస్తాయి. గ్నోమ్ టెర్మినల్, అలాక్రిటీ 10,000 దాస్తాయి. గోస్టీ అయితే వరుసల్లో కాక బైట్లలో కొలుస్తుంది. వీటన్నింటిలోనూ ఈ హద్దు మార్చుకోవచ్చు. పరిమితి లేకుండా దాచమని చెప్పే వీలు ఉన్న చోట ఒక జాగ్రత్త తీసుకోండి. అలా దాచినది మెమరీలో కాక డిస్కులో తాత్కాలిక ఫైలుగా చేరవచ్చు. తెర మీద రహస్య కీలు, పాస్‌వర్డులు కనిపించే పని మీదైతే పరిమితి ఉంచుకోవడమే మేలు.

మూడో పని: మీ కంప్యూటర్ ఏ నేల మీద నడుస్తోందో చూడండి

రెండు విషయాలు చాలు. మొదటిది, మీ డెస్క్‌టాప్ వేల్యాండ్ మీద నడుస్తోందా, ఎక్స్11 మీదా అన్నది. విండోలను తెర మీద చూపే రెండు వ్యవస్థలివి, ఎక్స్11 పాతది, వేల్యాండ్ కొత్తది. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లు రెండింటిలోనూ సిస్టమ్ సమాచారం చూపే పేజీలో ఇది రాసి ఉంటుంది. ఫుట్ కావాలంటే వేల్యాండ్ తప్పనిసరి, ఎక్స్11లో అది అసలు తెరుచుకోదు. ఎస్‌టీ, యూఆర్‌ఎక్స్‌వీటీ వంటి పాతకాలపువి ఎక్స్11 కోసం రాసినవి. వేల్యాండ్‌లో అవి అనుకూలత పొర మీద నడుస్తాయి, తెర పరిమాణం పెంచి వాడేవారికి అక్షరాలు మసకబారే అవకాశం ఉంది.

రెండోది గ్రాఫిక్స్. అలాక్రిటీ, కిట్టీ, వెజ్‌టెర్మ్, గోస్టీ అక్షరాలు గీయడానికి గ్రాఫిక్స్ చిప్ సాయం తీసుకుంటాయి. డ్రైవర్ సరిగ్గా ఉన్న కంప్యూటర్‌లో ఇది హాయిగా ఉంటుంది. వర్చువల్ మెషీన్‌లోనో, డ్రైవర్ సరిగ్గా లేని పాత యంత్రంలోనో అదే పనిని ప్రాసెసర్ తలకెత్తుకోవలసి వస్తుంది. అప్పుడు వేగం కోసం తెచ్చుకున్నదే నెమ్మదిస్తుంది. ఫుట్ మొదటి నుంచీ ప్రాసెసర్‌తోనే గీస్తుంది. మారిన గడులను మాత్రమే తిరిగి గీస్తుంది కాబట్టి చిన్న యంత్రాల మీద కూడా చురుగ్గా ఉంటుంది.

నాలుగో పని: రెండింటిని మాత్రమే ఎంచుకోండి

టెర్మినళ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. అన్నింటినీ పరీక్షించాలనుకుంటే ఏదీ తేలదు. కాగితం మీది ఇబ్బందులను బట్టి రెండింటిని తీసుకోండి.

ఇందులో సాయపడే విషయం ఒకటుంది. పేర్లు వేరైనా చాలా టెర్మినళ్ల లోపలి ఇంజను ఒకటే. గ్నోమ్ టెర్మినల్, గ్నోమ్ కన్సోల్, టిక్సిస్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, మాటే టెర్మినల్, టిలిక్స్, టెర్మినేటర్, గ్వాకే అన్నీ వీటీఈ అనే ఒకే లైబ్రరీ మీద నడుస్తాయి. అక్షరాలు గీసే తీరు, వరుసలు దాచే తీరు, ఎస్కేప్ సంకేతాలు అర్థం చేసుకునే తీరు వీటిలో దాదాపు ఒకేలా ఉంటాయి. మీకు ఇబ్బంది అక్కడే ఉంటే ఒక వీటీఈ టెర్మినల్ నుంచి ఇంకొక వీటీఈ టెర్మినల్‌కు మారి లాభం లేదు. ఇబ్బంది ట్యాబులు, విండోను ముక్కలు చేసుకోవడం, పై నుంచి జారి వచ్చే విండో వంటి పైపై అమరికల్లో ఉంటే ఈ కుటుంబం లోపలే పరిష్కారం దొరుకుతుంది. పక్కపక్కన నాలుగు ముక్కలు కావాలంటే టిలిక్స్ లేదా టెర్మినేటర్, ఒక కీ నొక్కగానే తెర పై అంచు నుంచి దిగి రావాలంటే గ్వాకే చూడండి. కేడీఈలో ఆ చివరి పనిని యాక్వేక్ చేస్తుంది.

ప్రోగ్రాములను మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉంచి నడిపే కంటెయినర్లలో ఎక్కువగా పనిచేసేవారు టిక్సిస్‌ను తప్పక చూడాలి. కొత్త ట్యాబు తెరిచేటప్పుడే ఏ కంటెయినర్‌లోకి వెళ్లాలో ఎంచుకునే వీలు అందులో ఉంది. ఫెడోరా వర్క్‌స్టేషన్ 41 నుంచి, ఉబుంటు 25.10 నుంచి అదే ముందస్తు (డిఫాల్ట్) టెర్మినల్‌గా వస్తోంది. ఇంగ్లిషులో దాని పేరు పీ అక్షరంతో మొదలవుతుంది, ప్యాకేజీ వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.

కేడీఈ వారి కాన్సోల్‌కు నేను ఇచ్చే విలువ ఎక్కువ. ప్రొఫైళ్లు, ట్యాబులు, విండో ముక్కలు, దాచిన వరుసల్లో వెతుకులాట అన్నీ మెనూల్లోనే దొరుకుతాయి, ఏ ఫైలూ తెరిచి రాయనక్కరలేదు. అసలు సర్వర్‌కు ఒక రంగు, పరీక్షల సర్వర్‌కు ఇంకొక రంగు పెట్టుకుంటే తప్పు సర్వర్‌లో తప్పు కమాండ్ ఇచ్చే ప్రమాదం తగ్గుతుంది. ఈ ఒక్క అలవాటు నన్ను చాలాసార్లు కాపాడింది.

సెట్టింగులను ఒక ఫైలులో రాసుకుని, ఆ ఫైలును ప్రతి కంప్యూటర్‌కూ తీసుకెళ్లడం మీకు ఇష్టమైతే దారి వేరు. అలాక్రిటీ కావాలనే తక్కువ పనులు పెట్టుకుంది. ట్యాబులు లేవు, విండో ముక్కలు లేవు. టీమక్స్ రోజూ వాడేవారికి ఆ లోటు తెలియదు, వాడనివారికి మొదటి రోజే తెలుస్తుంది. కిట్టీలో ట్యాబులు, ముక్కలు, టెర్మినల్ లోపలే బొమ్మలు చూపే పద్ధతి ఉన్నాయి. వెజ్‌టెర్మ్ సెట్టింగుల ఫైలు లువా భాషలో రాసిన ప్రోగ్రామే, షరతులు పెట్టి తమకు కావలసినట్టు మలచుకునేవారికి అది బాగా నప్పుతుంది. 2024 డిసెంబరులో మొదటి పూర్తి విడుదలకు వచ్చిన గోస్టీ సెట్టింగుల ఫైలు లేకుండానే చక్కగా నడుస్తుంది. ఎస్‌టీలో సెట్టింగులు మార్చాలంటే సీ భాషలోని మూలాన్ని దిద్ది మళ్లీ కంపైల్ చేయాలి. వెనక్కి చుట్టే సౌకర్యం కూడా విడిగా చేర్చుకోవలసిందే. నేర్చుకోవడానికి అది గొప్ప ప్రోగ్రామ్. రోజువారీ పనికి మొదటి ఎంపికగా మాత్రం నేను సూచించను.

తెర చదివి వినిపించే ఓర్కా మీద ఆధారపడేవారు వీటీఈ కుటుంబంలోనే ఉండటం మంచిది. గ్నోమ్ టెర్మినల్ వంటివి తెర మీది పాఠాన్ని ఓర్కాకు అందిస్తాయి. గ్రాఫిక్స్ చిప్‌తో సొంతంగా గీసుకునే అలాక్రిటీ, కిట్టీ వంటివి అలా అందించవు, వాటి విండో ఓర్కాకు ఖాళీగా తోస్తుంది. ఎంత వేగమున్నా ఈ లోటును అది పూడ్చదు.

అయిదో పని: తెలుగుతో పరీక్షించండి

ఫైళ్ల పేర్లు, మార్పుల చరిత్ర దాచే గిట్‌లోని సందేశాలు, డేటా ఫైళ్లు తెలుగులో ఉంటే ఇది అన్నింటికన్నా ముందు చేయవలసిన పరీక్ష. తెలుగు పాఠం టెర్మినల్‌లో ఎందుకు చెదిరిపోతుందో తెలిస్తే, సెట్టింగుల్లో లేని పరిష్కారం కోసం గంటలు పోగొట్టుకోరు.

ఎకో కమాండ్‌కు "స్త్రీ" అన్న మాట ఇచ్చి చూడండి. మన కంటికి అది ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘంతో ఉన్న గుడి. ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొత్తం 18. ఇప్పుడు టెర్మినల్ దీన్ని గడుల్లో పెట్టాలి. స, త, ర ఒక్కో గడి తీసుకుంటాయి. పొల్లుకు, గుడికి గడి ఉండదు, ముందున్న హల్లు మీదే కూర్చుంటాయి. అంటే ఒక్క అక్షరానికి మూడు గడులు కేటాయించారు. గడికి గడి విడిగా గీసే టెర్మినల్‌లో "స్" ఒక గడిలో, "త్" ఇంకొక గడిలో, "రీ" మూడో గడిలో విడివిడిగా నిలబడతాయి. వత్తులు కిందికి దిగవు. వత్తులు సరిగ్గా కలిపి గీసే టెర్మినల్‌లో అక్షరం చక్కగా వస్తుంది గానీ, కేటాయించిన మూడు గడుల్లో కొంత చోటు ఖాళీగా మిగులుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. గుడి, ఎత్వం, దీర్ఘం వంటివి యూనికోడ్ లెక్కలో వెడల్పు లేని గుర్తులు. కొమ్ము మాత్రం వెడల్పు ఉన్న గుర్తు. అందుకే "తి" ఒక గడిలో సర్దుకుంటే "తు" చాలాచోట్ల రెండు గడులు తీసుకుంటుంది. "తెలుగు" అన్న మాటకే అయిదు గడులు: ఎత్వంతో ఉన్న తకారానికి ఒకటి, లకారానికి ఒకటి, దాని కొమ్ముకు ఒకటి, గకారానికి ఒకటి, దాని కొమ్ముకు ఒకటి. కొమ్మును హల్లుతో కలపకుండా విడిగా గీసే టెర్మినల్‌లో అది ఒక చుక్కల వలయం పక్కన వేలాడుతుంది. అలా కనిపిస్తే ఫాంటును నిందించకండి, తప్పు గీసే తీరులో ఉంది.

మంచి టెర్మినల్ తెచ్చుకుంటే పూర్తిగా సరిపోతుందా అంటే, లేదు. వరుసకు ఎన్ని గడులు పట్టాయో షెల్ కూడా సొంతంగా లెక్కవేసుకుంటుంది. టెర్మినల్ లెక్క, షెల్ లెక్క ఒకటి కాకపోతే కర్సర్ ఒక చోట కనిపిస్తుంది, తుడుపు ఇంకొక చోట పడుతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు సగం అక్షరం తెరపై మిగిలిపోవడానికి కారణం ఇదే. వత్తులతో కూడిన తెలుగు అక్షరాన్ని ఒకే గుచ్ఛంగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 కూర్పుతో వచ్చింది. ప్రోగ్రాములన్నీ దాన్ని అందుకోవడానికి ఇంకా సమయం పడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. తెలుగు, స్త్రీ, లక్ష్మి, సూర్యుడు అన్న నాలుగు మాటలను ఒక ఫైలులో వరుసకొకటి రాసి క్యాట్‌తో తెర మీదికి తెప్పించండి. వత్తులు కలిశాయా, చుక్కల వలయం వచ్చిందా చూడండి. ఇవే పేర్లతో ఖాళీ ఫైళ్లు చేసి ఎల్‌ఎస్ ఇవ్వండి, నిలువు వరుసలు కుదిరాయో లేదో గమనించండి. తరువాత ప్రాంప్ట్ దగ్గర "లక్ష్మి" అని టైపు చేసి ఎడమ బాణంతో వెనక్కి జరుగుతూ, బ్యాక్‌స్పేస్‌తో ఒక్కొక్కటే తుడవండి. చివరగా తెర మీది మాటను మౌస్‌తో ఎంచుకుని కాపీ చేసి ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో అతికించండి. అక్కడ సరిగ్గా వస్తే తెర మీద ఎలా కనిపించినా లోపలి పాఠం భద్రంగా ఉందన్నమాట. ఇది ధైర్యం ఇచ్చే విషయం. తెర చెదిరింది గానీ ఫైలు చెదరలేదు.

ఎక్స్‌టర్మ్, అలాక్రిటీ వత్తులు కలిపే ప్రయత్నం చేయవు. కిట్టీ, వెజ్‌టెర్మ్, ఫుట్, గోస్టీ అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడతాయి కాబట్టి వీటిని ముందు చూడండి. బహుభాషల కోసమే రాసిన ఎమ్‌ఎల్‌టెర్మ్ అనేది ఒకటుంది. రూపం పాతది, సెట్టింగులు నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి, అయినా భారతీయ లిపులను దృష్టిలో పెట్టుకుని చేసిన పని అందులో ఉంది. నా మట్టుకు నేను పేజీల కొద్దీ తెలుగు చదవడానికి టెర్మినల్‌ను వాడను, దానికి ఎడిటర్ ఉంది. టెర్మినల్‌లో ఫైలు పేరు గుర్తుపట్టగలిగితే, వెతికిన మాట దొరికితే, తుడుపు తప్పకపోతే చాలనుకుంటాను. ఫాంటు విషయంలో ఒకటే మాట. సమాన వెడల్పు ఫాంటుల్లో చాలావాటిలో తెలుగు లిపి ఉండదు, కాబట్టి నోటో సాన్స్ తెలుగు వంటిది కంప్యూటర్‌లో ఉంటే టెర్మినల్ దాన్ని అరువు తెచ్చుకుంటుంది. ఇంగ్లిషు ఫాంటును ఎంచుకునేటప్పుడు సున్నా, పెద్దబడి ఓ వేరుగా కనిపిస్తున్నాయా, ఒకటి అంకె, చిన్నబడి ఎల్, పెద్దబడి ఐ కలిసిపోకుండా ఉన్నాయా అని చూడండి.

ఆరో పని: అతికించి చూడండి

ఒకసారి సూచనల పత్రం నుంచి నాలుగు వరుసలు కాపీ చేసుకున్నాను. రెండో వరుసలో ఫోల్డర్ పేరు మార్చుకోవాలి. ముందు అతికించి తరువాత మారుద్దాం అనుకున్నాను. మార్చే వ్యవధి నాకు దొరకలేదు. వరుస చివరి ఎంటర్ కూడా కాపీ అయి వచ్చింది కాబట్టి అతికించగానే నాలుగూ ఒకదాని వెంట ఒకటి నడిచిపోయాయి. రెండోది తొలగించే కమాండ్. నా దగ్గర అదే పేరుతో ఇంకొక ఫోల్డర్ ఉంది. అది పోయింది.

దీనికి విరుగుడు బ్రాకెటెడ్ పేస్ట్ అనే ఏర్పాటు. అతికించిన పాఠానికి ముందు, వెనుక టెర్మినల్ ప్రత్యేక సంకేతాలు చేరుస్తుంది. ఇది టైపు చేసినది కాదు, అతికించినది అని షెల్ గ్రహించి, మీరు ఎంటర్ నొక్కేదాకా ఆగుతుంది. 2020 డిసెంబరులో వచ్చిన బ్యాష్ 5.1 నుంచి ఇది ముందే అమలులో ఉంటుంది. మీ టెర్మినల్‌లో ఎలా ఉందో తెలుసుకోవడానికి ఎడిటర్‌లో ఎకో ఒకటి, ఎకో రెండు అని రెండు వరుసలు రాసి కాపీ చేసి ప్రాంప్ట్ దగ్గర అతికించండి. వెంటనే నడిస్తే మీకు రక్షణ లేదు. రెండు వరుసలూ కదలకుండా నిలబడితే ఉంది. దీనికి తోడు ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, గోస్టీ వంటివి ప్రమాదకరంగా తోచిన పాఠాన్ని అతికించేముందు మిమ్మల్ని అడుగుతాయి. పాత సర్వర్లలో పనిచేసేవారికి ఈ ప్రశ్న చాలా విలువైనది, ఎందుకంటే అక్కడి షెల్ పాతదైనా అడిగేది మీ టెర్మినలే.

ఏడో పని: దూరపు సర్వర్‌లోకి వెళ్లి చూడండి

దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లడానికి ఎస్‌ఎస్‌హెచ్ వాడనివారు ఈ భాగాన్ని వదిలేయవచ్చు. వాడేవారికి ఇది మొదటి రోజే ఎదురవుతుంది. ప్రతి టెర్మినల్ తానెవరో టెర్మ్ అనే వేరియబుల్ ద్వారా చెబుతుంది. గ్నోమ్ టెర్మినల్, కేడీఈ కాన్సోల్ వంటివి తమను ఎక్స్‌టర్మ్-256కలర్ అని చెప్పుకుంటాయి, ఆ పేరు దాదాపు ప్రతి సర్వర్‌కూ తెలుసు. కిట్టీ, అలాక్రిటీ, ఫుట్, గోస్టీ సొంత పేర్లు చెప్పుకుంటాయి. సర్వర్ పాతదైతే ఆ పేరు దాని జాబితాలో ఉండదు. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే టాప్ కమాండ్ తెరుచుకోదు, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఖాళీలు పడతాయి, టెర్మినల్ రకం తెలియదన్న సందేశం వస్తుంది.

దీనికి సరైన వైద్యం మీ కంప్యూటర్‌లోని టెర్మినల్ వివరాలను ఇన్ఫోకంప్‌తో తీసి, సర్వర్‌లో టిక్ అనే కమాండ్‌తో చేర్చడం. సర్వర్‌కు ఒక్కసారి చేస్తే చాలు. కిట్టీకి ఈ పనిని తనంతట తానే చేసే సొంత ఎస్‌ఎస్‌హెచ్ ఏర్పాటు ఉంది. సర్వర్లో ఏమీ చేర్చే హక్కు లేకపోతే అక్కడికి వెళ్లాక టెర్మ్ విలువను ఎక్స్‌టర్మ్-256కలర్‌గా మార్చుకోండి, చాలా పనులు సాఫీగా సాగుతాయి. రోజుకు పది కొత్త సర్వర్లలోకి వెళ్లే ఉద్యోగమైతే ఈ బెడద లేని టెర్మినల్‌నే ఎంచుకోమంటాను.

ఎనిమిదో పని: వేగాన్ని మీ చేతితో కొలవండి

వేగం అన్న మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, కుప్పలుగా వచ్చే పాఠాన్ని టెర్మినల్ ఎంత త్వరగా మింగుతుంది అన్నది. టైమ్ కమాండ్‌తో అంకెలు వరుసగా రాసే సెక్ (seq) కమాండ్‌ను పది లక్షల వరకు లెక్కపెట్టమంటే ఇది తెలుస్తుంది. దాదాపు 69 లక్షల బైట్లు తెర మీదుగా పోతాయి. రెండు టెర్మినళ్లలో మూడేసి సార్లు నడిపి పోల్చండి. రెండోది, కీ నొక్కిన క్షణానికీ అక్షరం కనిపించిన క్షణానికీ మధ్య వ్యవధి. పట్టికల్లో ఎక్కువగా కనిపించేది మొదటిది, రోజంతా వేళ్లకు తగిలేది రెండోది. పది లక్షల వరుసలను కళ్లతో ఎవరూ చదవరు. కాబట్టి విండోను తెరంతా పెద్దది చేసి, మీరు రోజూ వాడే ఎడిటర్‌లో పెద్ద ఫైలు తెరిచి, పది నిమిషాలు మామూలుగా రాయండి. కింది బాణం నొక్కి పట్టుకుని వదిలితే కర్సర్ వెంటనే ఆగుతోందా, ఇంకా కొంచెం పరుగెత్తి ఆగుతోందా చూడండి. తేడా తెలియకపోతే రెండూ మీకు సమానమే.

వేగంతో పాటు ఇంకొకటి కూడా తెలుసుకోండి. గ్నోమ్ టెర్మినల్ తన విండోలన్నింటినీ ఒకే ప్రాసెస్‌లో నడుపుతుంది. ఫుట్‌ను సర్వర్ పద్ధతిలో నడిపినా అంతే. మెమరీ ఆదా అవుతుంది, కొత్త విండో చిటికెలో వస్తుంది. కానీ ఆ ఒక్క ప్రాసెస్ కూలిపోతే అన్ని విండోలూ పోతాయి. గంటల తరబడి నడిచే పనిని ఏ టెర్మినల్‌లోనైనా టీమక్స్ లోపలే మొదలుపెట్టండి. అప్పుడు విండో పోయినా పని ఆగదు.

చివరి పని: వారం వాడి, స్థిరపరచండి

ఎంచుకున్న రెండింటిలో మొదటిదాన్ని సోమవారం మొదలుపెట్టి వారమంతా అదొక్కటే వాడండి. మొదటి రెండు రోజులు కీల కలయికలు చేతికి రాక విసుగు వస్తుంది, అది టెర్మినల్ తప్పు కాదు. మూడో రోజు నుంచి మళ్లీ కాగితం తీయండి. పాత కాగితంలోని ఇబ్బందులు తగ్గాయా, కొత్తవి చేరాయా పోల్చండి. మొదటిదానితోనే తృప్తి కలిగితే రెండోదాన్ని చూడనక్కరలేదు.

స్థిరపడ్డాక దాన్ని ముందస్తు టెర్మినల్‌గా చేయండి. కేడీఈలో సిస్టమ్ సెట్టింగులలోని డిఫాల్ట్ అప్లికేషన్ల పేజీలో మార్చవచ్చు. డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ కమాండ్‌తో ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్‌ను మార్చే పద్ధతి ఉంది. అయినా ఫైల్ మేనేజర్‌లోని "టెర్మినల్‌లో తెరువు" అన్న మెనూ పాతదాన్నే పిలుస్తూ ఉండవచ్చు, దాన్ని విడిగా చూసుకోవాలి. సెట్టింగులు ఫైలులో ఉండే టెర్మినల్ అయితే ఆ ఫైలును గిట్‌లో పెట్టండి. మార్పు చేసిన ప్రతిసారీ ఎందుకు చేశారో ఒక వరుస రాసుకోండి. ఆరు నెలల తరువాత ఆ వింత వరుస ఎందుకు ఉందో మీకే గుర్తుండదు.

పాత టెర్మినల్‌ను మాత్రం తొలగించకండి. గ్రాఫిక్స్ డ్రైవర్ నవీకరణ తేడా కొట్టిన రోజు, సెట్టింగుల ఫైలులో ఒక కామా జారిపోయిన రోజు కొత్తది తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఎక్స్‌టర్మ్ వంటి సాదాది ఒకటి ఉంటే అందులోంచే బాగుచేసుకుంటారు. డెస్క్‌టాప్ మొత్తం స్తంభించిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. ఏ విండో అక్కరలేని లాగిన్ ప్రాంప్ట్ వస్తుంది. ఆ కలయికను ఈ రోజే ఒకసారి నొక్కి, లాగిన్ అయి, తిరిగి డెస్క్‌టాప్‌కు రావడానికి మీ కంప్యూటర్‌లో ఎఫ్1 పనిచేస్తుందో ఎఫ్2 పనిచేస్తుందో చూసి పెట్టుకోండి.